ఒళ్లోంచి కాట్‌లోకి

ఒళ్లో ఉన్నంతసేపూ పాప ఆదమరిచి నిద్రపోతుంది. ఊపిరి బిగబట్టి, అడుగులో అడుగేసుకుంటూ వెళ్లి కాట్‌లో పడుకోబెట్టగానే రెండు చేతులూ విదిల్చి, కళ్లు విప్పి ఏడుపు అందుకుంటుంది. ఎత్తుకుంటే మళ్లీ నిద్ర, దించితే మళ్లీ ఏడుపు. అర్ధరాత్రి ఈ వరస కొన్నిసార్లు నడిచాక ఏ తల్లికైనా రెండు ఆలోచనలు వస్తాయి. నా బిడ్డకి కాట్ సరిపడదు అన్నది ఒకటి. నేనే ఒళ్లో అలవాటు చేసి చెడగొట్టాను అన్నది రెండోది. రెండూ నిజం కాదు. ముఖ్యంగా ఆ రెండో ఆలోచనని ఇప్పుడే వదిలేయండి. రెండు మూడు నెలల బిడ్డ ఎత్తుకోవడం వల్ల చెడిపోదు.

పసిబిడ్డ నిద్ర తీరే వేరు. పెద్దవాళ్లం పడుకున్న కాసేపటికి గాఢనిద్రలోకి దిగుతాం. మొదటి రెండు మూడు నెలల్లో బిడ్డ ముందుగా కలత నిద్రలోకి వెళ్తుంది. రెప్పల కింద కళ్లు కదులుతాయి, పెదాలు కదులుతాయి, ఉన్నట్టుండి నవ్వుతుంది. దేవుడు నవ్విస్తున్నాడని పెద్దవాళ్లు మురిసిపోయేది ఈ నిద్రలోనే. ఈ దశలో చిన్న కదలికకి కూడా మెలకువ వస్తుంది. కాసేపయ్యాక ఊపిరి ఒకే లయలో సాగుతుంది, పిడికిలి విచ్చుకుంటుంది, చెయ్యి ఎత్తి వదిలితే బరువుగా వాలిపోతుంది. దించాల్సింది అప్పుడు. మనం చాలాసార్లు కళ్లు మూసిన క్షణంలోనే తొందరపడతాం.

జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో కుమి కురోడా బృందం 2022లో ఇదే విషయం మీద ఒక అధ్యయనం వెలువరించింది. తల్లి ఎత్తుకుని నడుస్తున్నప్పుడు, కూర్చుని పట్టుకున్నప్పుడు, మంచం మీదికి దించుతున్నప్పుడు బిడ్డ గుండె వేగం ఎలా మారుతోందో వాళ్లు కొలిచారు. ఏడుస్తున్న పిల్లల్ని ఆగకుండా ఐదు నిమిషాలు ఎత్తుకుని నడిస్తే ఏడుపు ఆగింది, దాదాపు సగం మంది నిద్రలోకి జారారు కూడా. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి తేలింది. బిడ్డని కలవరపెట్టేది వీపుకి పరుపు తగలడమని మనం అనుకుంటాం. గుండె వేగం మాత్రం అంతకు ముందే, తల్లి ఒంటి నుంచి బిడ్డ ఒళ్లు విడిపడటం మొదలవగానే మారిపోతోంది. నిద్రపట్టాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కదలకుండా కూర్చుని, ఆ తర్వాత దించమని వాళ్ల సూచన. అంత చిన్న మార్పుతోనే చాలా ఇళ్లలో రాత్రి తేలికపడుతుంది.

అయితే నిద్రపోయిన బిడ్డని మెలకువ రాకుండా కాట్‌లోకి చేర్చడం సగం పనే. బిడ్డ నిద్ర గంటలోపే ఒక చుట్టు పూర్తిచేసుకుంటుంది. ఒక్కో చుట్టు చివర కొద్దిపాటి మెలకువ వస్తుంది. అమ్మ గుండె చప్పుడు వింటూ కళ్లు మూసిన బిడ్డ, ఆ మెలకువలో చుట్టూ చూస్తే అమ్మ లేదు, ఒళ్లు లేదు, ఊపు లేదు. ఏడవడం న్యాయమే కదా! అందుకని ఈ అధ్యాయంలో చెప్పే పద్ధతులన్నీ ఒకే చోటికి వస్తాయి: బిడ్డ కళ్లు మూసిన చోటు, కళ్లు తెరిచిన చోటు నెమ్మది నెమ్మదిగా ఒకటి కావాలి. దానికి వారాలు పట్టినా ఫరవాలేదు.

పెద్దవాళ్ల మాట

కాట్ ఇంట్లోకి రాగానే మొదటి అభ్యంతరం అమ్మమ్మ నుంచో నాయనమ్మ నుంచో వస్తుంది. "అదేంటే, పసిగుడ్డుని అవతల పడేస్తావా? ఒంటి వేడి తగలకపోతే ఎలా పెరుగుతుంది?" ఆ మాటలో ఉన్న ప్రేమని గౌరవించండి, వాదన పెట్టుకోకండి. బిడ్డకి తనదంటూ ఒక పక్క ఉండటం మనకి కొత్త కాదని మాత్రం గుర్తు చేయండి. బారసాల నాడు ఊరందరినీ పిలిచి బిడ్డని ఉయ్యాలలో వేసేది మనమే. తెలంగాణలో తొట్టెల కడితే మేనత్తలు దగ్గరుండి ఊపుతారు. కాట్ కూడా అలాంటి పక్కే, కాకపోతే ఊగదు.

పైగా కాట్ వేయాల్సింది వేరే గదిలో కాదు. అమ్మ మంచం పక్కనే, చెయ్యి చాపితే బిడ్డ అందేటంత దగ్గరగా. బిడ్డ కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. బ్రిటన్ ఆరోగ్య సేవల సంస్థ చెప్పేదీ అదే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురం ఉంటున్న మన పిల్లలు, అక్కడి సినిమాల్లో చూసి, పుట్టకముందే బిడ్డకి వేరే గది సిద్ధం చేస్తుంటారు. గదికి రంగులు వేసుకోండి, బొమ్మలు అతికించుకోండి, కాట్ మాత్రం మీ మంచం పక్కకి జరపండి. రాత్రి పాలకి లేచినప్పుడు నాలుగు గదులు దాటి వెళ్లనక్కర్లేదన్న సుఖం మీకే తెలుస్తుంది.

పక్కలో వేసుకోవడం గురించి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. మన ఇళ్లలో తరతరాలుగా తల్లి పక్కలోనే బిడ్డ పడుకుంది. ఆ రోజుల్లో నేల మీద చాపో, పలచటి బొంతో ఉండేది. ఇప్పుడు మన మంచాల మీద మెత్తటి ఫోమ్ పరుపులు, నాలుగేసి దిళ్లు, ఏసీ కోసం కొన్న బరువైన కంఫర్టర్లు. ఆ మెత్తదనంలో పసిబిడ్డ ముక్కు, నోరు మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగినా, మద్యం తీసుకున్నా, నిద్రమత్తు తెచ్చే మందులు వాడుతున్నా, బిడ్డ నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టినా ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అన్నిటికంటే అపాయకరమైనది సోఫా. పాలిస్తూ సోఫాలో కునుకు తీయడం కంటే మంచం మీద దిళ్లు, దుప్పట్లు తీసేసి పడుకుని పాలివ్వడం నయం. మధ్యలో కన్ను అంటుకుంటే, మెలకువ రాగానే బిడ్డని కాట్‌లోకి మార్చేయండి.

కాట్ ఎలా ఉండాలి

పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. చేత్తో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. పరుపుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు కూడా ఉండకూడదు. ఊచల మధ్య దూరం 6 సెంటీమీటర్లు దాటకూడదు. కూల్‌డ్రింక్ టిన్ను ఆ సందులోంచి దూరితే ఆ కాట్ వద్దు. బంధువుల ఇంటి నుంచి పాత కాట్ వస్తే, ఒక పక్క తలుపు కిందికి జారే రకమేమో చూడండి. ఆ రకం కాట్‌లని అమెరికాలో 2011లోనే నిషేధించారు.

ఇక లోపల ఏముండాలి? పరుపు, దానికి బిగుతుగా తొడిగిన దుప్పటి, బిడ్డ. అంతే. దుకాణంలో కాట్‌తో పాటు అంటగట్టే మెత్తటి అంచులు, దిండ్లు, పక్క బోల్‌స్టర్లు, ఎలుగుబంటి బొమ్మ ఏవీ వద్దు. కాట్ చుట్టూ కట్టే మెత్తల్ని, వాలుగా ఉండే నిద్ర కుర్చీల్ని అమెరికా 2022లో చట్టం చేసి మరీ అమ్మకుండా ఆపింది. మన చీర ఉయ్యాల సంగతీ ఇక్కడే చెప్పాలి. దాంట్లో బిడ్డ వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. చిన్న బిడ్డకి ఊపిరి దారి ఇరుకవుతుంది. స్ప్రింగు ఉయ్యాలదీ అదే కథ. మీరు ఎదురుగా కూర్చుని ఊపుతూ, బిడ్డని చూస్తూ ఉన్నంతసేపు సరే. రాత్రంతా అందులో వదిలేయడం మాత్రం మానుకోండి.

కొత్త బెడ్‌షీట్ల కంటే ఒక మంచి ఉపాయం ఉంది. మీరు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరని కొలతకి కత్తిరించి, నాలుగు మూలలా ఎలాస్టిక్ వేయించి పరుపుకి తొడగండి. ముడత పడకుండా బిగుతుగా ఉండాలి, అది ముఖ్యం. బిడ్డ చర్మానికి హాయిగా ఉంటుంది. రెండు రాత్రులు మీ పక్కలో ఉంచుకుని తర్వాత తొడిగితే మీ వాసన కూడా పడుతుంది.

పడుకోబెట్టడం ఎప్పుడూ వెల్లకిలానే. పగలైనా, పది నిమిషాల కునుకైనా సరే. ఇక్కడ మన ఇళ్లలో ఒక బలమైన భయం ఉంది: "వెల్లకిలా వేస్తే పాలు కక్కినప్పుడు పొరమారుతుంది, పక్కకి వెయ్యి." ఈ భయం తీరాలంటే మెడలో గొట్టాలు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలి. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు ఊపిరి గొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా పడుకున్నప్పుడు ఊపిరి గొట్టం కిందికి వస్తుంది, పాలు అటు జారడం తేలిక. పక్కకి వేస్తే బిడ్డ ఇట్టే బోర్లా తిరిగిపోతుంది. అంటే మనం భద్రమనుకున్న పద్ధతిలోనే ఎక్కువ ప్రమాదం ఉంది.

ఈ సంగతి ప్రపంచానికి తెలియడానికి చాలా పసి ప్రాణాలు పోయాయి. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో డాక్టర్లే పిల్లల్ని బోర్లా పడుకోబెట్టమనేవారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలు నిద్రలోనే కారణం తెలియకుండా చనిపోయేవారు. 1991లో బ్రిటన్ టీవీ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ తన బిడ్డని అలాగే పోగొట్టుకున్నారు. న్యూజిలాండ్‌లో జరిగిన పరిశోధనల గురించి తెలుసుకుని, తన దుఃఖాన్ని దిగమింగుకుని, బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టండని ఆమె ప్రచారం చేశారు. ఆ ఏడాది చివరికే బ్రిటన్ ప్రభుత్వం ఆ ప్రచారాన్ని దేశమంతటా చేపట్టింది. 1994లో అమెరికా కూడా మొదలుపెట్టింది. కొన్నేళ్లలోనే ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. కొత్త మందు లేదు, యంత్రం లేదు. పడుకోబెట్టే తీరు మారిందంతే. మీ అమ్మగారికి ఈ కథ చెప్పండి. ఏ తల్లి కడుపుకోత కథా ఇంకో తల్లికి వినబడకుండా పోదు.

వెల్లకిలా పడుకుంటే తల వెనక చదునవుతుందని ఆవాల దిండు పెడతారు. వద్దు. దానికి బదులు బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, నూనె రాసే వేళో ఆడుకునే వేళో, మీ కళ్లెదుట కాసేపు బోర్లా వేయండి. కాట్‌లో తల పెట్టే దిక్కు రోజు విడిచి రోజు మార్చండి. వెలుతురు కోసమో మీ వైపో బిడ్డ తల తిప్పుతుంది కాబట్టి ఒకే చోట ఒత్తిడి పడదు.

దోమతెర వాడొచ్చు, కాని బిడ్డకి అందనంత ఎత్తులో, వేలాడకుండా బిగించి కట్టండి. దోమల చుట్ట, అగరొత్తి, సాంబ్రాణి పొగ బిడ్డ పడుకున్న గదిలో వద్దు. స్వెట్టరు, టోపీ నిద్రలో అక్కర్లేదు. మీ ఒంటి మీద ఉన్నదానికంటే పలచటి పొర ఒకటి ఎక్కువ చాలు. చలేస్తోందా అని పాదాలు పట్టుకుని చూస్తాం, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట ఉంటే బట్టలు ఎక్కువైనట్టు.

ఎప్పుడు, ఎలా

కాట్‌లో పడుకోబెట్టడం పుట్టిన రోజు నుంచే మొదలుపెట్టొచ్చు. తనంతట తాను నిద్రపోవడం మాత్రం మొదటి ఆరేడు వారాల్లో ఆశించకండి. బిడ్డకి ఇంకా పగలు రాత్రి తేడా తెలియదు. చీకటి పడగానే నిద్ర తెచ్చే మెలటోనిన్ ఒంట్లో లయ తప్పకుండా ఊరడం దాదాపు మూడో నెలలో మొదలవుతుంది. అప్పటిదాకా ఎత్తుకోండి, జోకొట్టండి, పాడండి. పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వండి, కుక్కర్ విజిల్ వినబడనివ్వండి. రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న బెడ్‌లైటు తప్ప దీపం వేయకండి, మాటలు పెట్టుకోకండి. ఫోను వెలుగు కూడా వెలుగే.

మొదటి ప్రయత్నం ఎప్పుడు చేయాలో చెప్పడంలో విదేశీ పుస్తకాలకి తెలియని ఒక అనుకూలం మన ఇళ్లలో ఉంది. ఉదయం నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టి, గోరువెచ్చటి నీళ్లు ధారగా పోశాక, పాలు తాగి బిడ్డ పడుకునే నిద్ర రోజు మొత్తంలోనే గాఢమైనది. రెండు గంటలు కదలదు. కాట్‌తో తొలి పరిచయం ఆ నిద్రతో చేయండి. ఆ వేళకి మీకూ ఓపిక ఉంటుంది, ఇంట్లో సాయం ఉంటుంది, కుదరకపోయినా రాత్రి అంత నిస్పృహ ఉండదు. వారం పాటు ఆ ఒక్క నిద్ర కాట్‌లో కుదిరితే, తర్వాత రాత్రి తొలి నిద్ర. తెల్లవారుజాము నిద్రని చివరికి వదిలేయండి. అప్పటికి నిద్ర పలచబడిపోతుంది కాబట్టి అది అన్నిటికంటే మొండిది.

వేళ దాటనివ్వకండి. రెండు మూడు నెలల బిడ్డ గంట, గంటన్నర మెలకువగా ఉంటే అలసిపోతుంది. చూపు పక్కకి తిప్పుకోవడం, కనుబొమలు ఎర్రబడటం, చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవడం, ఆవులింత మొదటి గుర్తులు. ఏడుపు దాకా వస్తే ఆలస్యమైపోయినట్టే. బాగా అలిసిపోతే బాగా పడుకుంటుందని మనం అనుకుంటాం. పసిబిడ్డ విషయంలో అది తలకిందులు. అలిసిపోయిన బిడ్డ నిద్రతో పోట్లాడుతుంది.

రాత్రి ఒక వరస పెట్టుకోండి: ఒళ్లు తుడవడం, పొడి బట్టలు, పాలు, తేన్పు తెప్పించడం, దీపం తగ్గించడం, జోలపాట. ఏ పాటైనా ఒకటే, రోజూ అదే. గొంతు బాగా లేదని మొహమాటపడకండి, మీ గొంతు బిడ్డకి కడుపులో ఉన్నప్పటి నుంచే తెలుసు. ఈ వరసలో పాలని చివర పెట్టకుండా కాస్త ముందుకి జరపడం ముఖ్యం. పాలు తాగుతూనే రోజూ నిద్రపోయే బిడ్డ, రాత్రి మెలకువ వచ్చిన ప్రతిసారీ ఆకలి లేకపోయినా పాలే అడుగుతుంది.

దించేటప్పుడు మీ ఒళ్లు బిడ్డకి ఆనుకునే ఉండేలా పూర్తిగా వంగండి. ముందు పిరుదులు, తర్వాత వీపు, చివరికి తల పరుపుకి ఆననివ్వండి. తల కింద చెయ్యి వెంటనే లాగేయకండి. ఒక అరచెయ్యి ఛాతీ మీద, ఇంకోటి తొడ మీద ఆనించి, బరువు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రెండు నిమిషాలు నిలబడండి. నడుము నొప్పి పుడుతుంది, నిజమే. పక్కన ఎత్తు పీట వేసుకుని కూర్చోండి. సిజేరియన్ అయిన తల్లులు ఈ వంగడం భర్తకో అమ్మకో అప్పజెప్పాలి.

తొలి రోజుల్లో పూర్తిగా నిద్రపోయాకే దించండి. తర్వాత కొద్దికొద్దిగా ముందుకి జరపండి: గాఢనిద్ర పట్టేదాకా ఆగకుండా, రెప్పలు బరువై సగం మూసుకున్నప్పుడు. ఊపి నిద్రపుచ్చే అలవాటుంటే ఊపు తగ్గించండి, మధ్యలో ఆపి చూడండి, ఊపడానికి బదులు కాట్‌లోనే జోకొట్టండి, జోకొట్టడానికి బదులు చెయ్యి ఆనించి ఉంచండి. ఒక్కో మెట్టు దగ్గర నాలుగైదు రోజులు నిలవండి. బిడ్డ గట్టిగా ఏడిస్తే ఎత్తుకోండి, ఊరడించండి, మళ్లీ దించండి. ఒంటరిగా వదిలి ఏడవనివ్వడం ఈ వయసుకి తగదు. అమెరికా డాక్టర్ రిచర్డ్ ఫెర్బర్ 1985లో రాసిన పుస్తకంతో, విరామాలు పెంచుకుంటూ ఏడవనిచ్చే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఆరు నెలలు దాటిన ఆరోగ్యవంతులైన పిల్లలకి దానివల్ల హాని జరగలేదని ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనం 2016లో చెప్పింది. కాని అది ఆరు నెలలు దాటినవాళ్ల మాట. మూడు నెలల బిడ్డకి ఏడుపు ఒక్కటే భాష, దానికి జవాబు రావాలి.

ఏడుపుకీ సణుగుడుకీ తేడా మాత్రం తెలుసుకోవాలి. కలత నిద్రలో బిడ్డ మూలుగుతుంది, కాళ్లు తన్నుకుంటుంది, ఒక్కోసారి కళ్లు మూసుకునే రెండు క్షణాలు ఏడుస్తుంది. మనం గబుక్కున ఎత్తేస్తే నిద్రలో ఉన్న బిడ్డని మనమే లేపినవాళ్లమవుతాం. మంచం మీద నుంచే చూడండి. కళ్లు తెరిచిందా? ఏడుపు పెరుగుతోందా? లేకపోతే ఆగండి. ఆ కొద్ది నిమిషాల్లోనే చాలామంది పిల్లలు తిరిగి నిద్రలోకి జారడం నేర్చుకుంటారు.

నాన్నలకి ఇక్కడ గొప్ప స్థానం ఉంది. అమ్మ ఎత్తుకోగానే బిడ్డకి పాల వాసన తగులుతుంది, వెతుకులాట మొదలవుతుంది. నాన్న ఎత్తుకుంటే ఆ గొడవ లేదు. తొలి నిద్రకి దించే పని నాన్నదే అని ఇంట్లో పెట్టుకోండి. ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే, రాత్రి పాలయ్యాక తిరిగి పడుకోబెట్టే పని తీసుకోవచ్చు.

బిడ్డ తనంతట తానే ఉలిక్కిపడి లేస్తుంటే పలచటి నూలుగుడ్డలో చుట్టి పడుకోబెట్టొచ్చు. చేతుల దగ్గర ఒద్దికగా, ఛాతీ దగ్గర మీ అరచెయ్యి దూరేంత వదులుగా, నడుము కింద పూర్తిగా వదులుగా చుట్టాలి. కాళ్లు నిటారుగా చాపి బిగించి చుట్టే పాత అలవాటు తుంటి కీళ్లకి మంచిది కాదు. మోకాళ్లు మడిచి పక్కలకి విప్పుకునే వీలుండాలి. ఈ చుట్టడం ఎప్పుడు మానేయాలో మన ఆచారమే దాదాపుగా చెబుతుంది. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం కదా, ఆ బొబ్బట్లకి పప్పు నానబోసే ముందే గుడ్డ చుట్టడం ఆపేయాలి. అంటే పక్కకి ఒరిగే ప్రయత్నం కనబడిన రోజే. చేతులు కట్టేసి ఉన్న బిడ్డ బోర్లా పడితే తిరగలేదు. తర్వాత వెల్లకిలా వేయడం మీ వంతు. అటూ ఇటూ తనే తిరగగలిగే వయసు వచ్చాక నిద్రలో బోర్లా తిరిగితే ప్రతిసారీ లేచి సరిచేయనక్కర్లేదు.

కుదిరింది అనుకున్నాక

కుదిరిన అలవాటు మళ్లీ చెదురుతుంది. 6, 10, 14 వారాల టీకాల తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, నొప్పి ఉంటాయి. ఆ రోజుల్లో అభ్యాసం పక్కన పెట్టి ఎత్తుకోండి. నాలుగో నెలలో నిద్ర తీరే మారుతుంది, చక్కగా పడుకునే బిడ్డ మళ్లీ గంటకోసారి లేస్తుంది. మీ తప్పేమీ లేదు, మెదడు ఎదుగుతోంది. కిందటి మెట్టుకి దిగి మళ్లీ ఎక్కండి. మూడో నెలలోనో ఐదో నెలలోనో పుట్టింటి నుంచి అత్తింటికి ప్రయాణం ఉంటుంది. గది మారుతుంది, గొంతులు మారతాయి. కాట్ తీసుకెళ్లలేకపోయినా ఆ చీర దుప్పటి, ఆ పాట, ఆ వరస తీసుకెళ్లండి. అత్తగారికి ముందే ఫోనులో చెప్పి ఉంచండి, "అత్తయ్యా, పాపకి దిండు పెట్టొద్దని డాక్టర్‌గారు చెప్పారండీ" అని. మీ మాటగా కాక డాక్టరు మాటగా చెబితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. బిడ్డ కూర్చోవడానికి ప్రయత్నిస్తున్నప్పుడు కాట్ పరుపుని కింది మెట్టుకి దించండి, పైన వేలాడే బొమ్మలు తీసేయండి.

మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 ఫారెన్‌హీట్ డిగ్రీలకి చేరితే, పాలు తాగకపోతే, ఏడుపు రోజూ వినే ఏడుపులా లేకపోతే అది నిద్ర సమస్య కాదు. అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి. టీకా జ్వరమే కదా అని మీరే తేల్చేసుకోకండి.

ఎంత చేసినా ఏడుపు ఆగని రాత్రి ఒకటి వస్తుంది. చేతులు వణుకుతాయి, కోపం ముంచుకొస్తుంది. అప్పుడు బిడ్డని కాట్‌లో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి ఐదు నిమిషాలు పక్క గదిలో కూర్చోండి, మంచినీళ్లు తాగండి, ఎవరినైనా లేపండి. ఒంటరిగా ఏడవనివ్వొద్దని పైన చెప్పిన మాటకి ఇది ఒక్కటే మినహాయింపు. కాట్‌లో ఏడ్చే బిడ్డకి ఆ ఐదు నిమిషాల్లో ఏమీ కాదు. ఎంత కోపంలోనైనా పసిబిడ్డని పట్టుకుని కుదపకూడదు, ఆ కుదుపుకి మెదడులో రక్తస్రావం కావచ్చు.

ఇంకో మాట. బిడ్డ కాట్‌లో చక్కగా నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టడం లేదా? కారణం లేకుండా ఏడుపు వస్తోందా? బిడ్డని చూస్తే ఏమీ అనిపించడం లేదా? ఇది రెండు వారాలు దాటి సాగితే "బాలింతలకి మామూలే" అన్న మాట వినకండి. కాన్పు చేసిన డాక్టర్‌కి చెప్పండి. ఇది వైద్యంతో తగ్గే జబ్బు. బిడ్డకి పాలిస్తున్నా వాడదగిన మందులు ఉన్నాయి. చెప్పడానికి నోరు రాకపోతే ఈ పేరా మీద వేలు పెట్టి మీ ఆయనకి చూపించండి.